ముక్కురాయి అవతల

మే 11, 1983. హౌరా
బండి ఇంకా ప్లాట్‌ఫారం మీదికి రాలేదు. పారు ట్రంకుపెట్టె మీద కూర్చుని బెంగాలీ కథల పుస్తకం చదువుకుంటోంది. పదమూడేళ్ళొచ్చాయి నా కూతురికి. కిందటిసారి, ఆరేడేళ్ళ కిందట ఊరెళ్ళినప్పుడు, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ముక్కురాయి దాకా నా భుజాల మీదే వచ్చింది!

వాళ్ళమ్మ ఇంట్లోనే చెప్పేసింది — "ఇదే ఆకరు. ఎదిగిన పిల్ల రాళ్ళంట ఎగరడమేటి? ఆ పైన పరీచ్చలు."

ఈసారైనా రాయి చుట్టూ తిప్పి అవతలి రేవు చూపించాలి దానికి. మా అమ్మ ఆల్చిప్పలు ఏరిన చోటు. ఇన్నాళ్ళూ ఆ రాళ్ళ మీద నడవలేనంత చిన్నపిల్ల. వచ్చే ఏడు రానివ్వరు. ఉన్నది ఈ ఒక్క ఎండాకాలమే...

మే 13
ఊరు. సముద్రం వాసన. ఏడుపొచ్చినంత పనైంది.

మే 14
పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం. కొండ కింద రాళ్ళ దారి — పాచి, గుల్లలు, అరికాళ్ళు కోసుకుపోతాయి. చెయ్యి పట్టుకోమన్నాను. "ధ్యాత్ బాబా, నేనేం చిన్నపిల్లనా!" నాన్నా అనదు, బెంగాలీ పిల్లల్లా బాబా అనే పిలుస్తుంది. సల్వారు మోకాళ్ళ దాకా లాక్కుని ముందు నడుస్తోంది. వెనకనుంచి చూస్తే అచ్చం మా అమ్మ నడకే.

విదియ. వేళ్ళ మీద లెక్కేశాను — పోటుకి ఇంకా చాలా టైముంది, ఫరవాలేదు. సగం దారిలో పారు అరుపు — "బాబా, జోల్! నీళ్ళు!" చూద్దును కదా, వచ్చిన దారి మునిగిపోతోంది.

నా బుద్ధి మండ! అది ఖిదిర్‌పూర్ లెక్క. కలకత్తా ఓడరేవు డాక్‌లో గేట్లు తెరిచీ మూసీ నా ఒంటికి పట్టేసిన లెక్క. సముద్రంలో పుట్టిన పోటు నదికి ఎదురెక్కి మా గేటు చేరేసరికి పూట పడుతుంది. ఇక్కడ ముందే వస్తుంది. ఇక్కడ పుట్టినవాణ్ణి, నాకు తెలియదూ?

పారు తనే కొండరాయి ఎక్కి చెయ్యందించింది. పట్టుకున్నాను. ఎంత గట్టి చెయ్యి... రేవు చూడకుండానే, కొండ వాలు పట్టుకుని వెనక్కి.

మే 15
మా అప్ప, నా తోడబుట్టిన పెద్దది, పడీపడీ నవ్వింది. "సముద్రం ఒడ్డున పుట్టి నీటి లెక్క మర్సిపోనావేటిరా! నువ్వింక కలకత్తావోడివే." నేనూ నవ్వాను.

పారు అరికాలు చీరుకుపోయింది. మళ్ళీ వెళ్దామంటే అప్ప ఒప్పుకోలేదు. రేపు బండి.

జూన్ 2. ఖిదిర్‌పూర్
డ్యూటీ. పోటు నా లెక్క ప్రకారమే వచ్చింది. తిట్టాను దాన్ని, నోరారా.

జూన్ 19
ఆదివారం. వాన. పారు పుస్తకంలోంచి తలెత్తకుండానే అడిగింది — "బాబా, ఆ రాయికి అవతల ఏముంది?"

నోటిదాకా వచ్చింది. తెల్లటి ఇసక, మంచినీళ్ళ చెలమ, అమ్మ తట్ట దించే బండ... చెప్పేస్తే విని ఊరుకుంటుందేమో. ఇంక రాదేమో.

"నాకూ గేపకం లేదే. ఎల్లి సూడాల."

అబద్ధం.

పుస్తకం మూసింది. "ఎప్పుడు బాబా?"

వంటింట్లోంచి వాళ్ళమ్మ నా వంకే చూస్తోంది.