సీతారాములు గారి విలన్ వేషం

బుకిట్ బటోక్, సింగపూర్,
మార్చి 3.

సీతారాములు అంకుల్ గారికి నమస్కారాలు.

మన సంఘం నాటకం ‘దొరగారి దయ’లో జమీందారు వేషం నాది. నా గాదెలో ధాన్యం దొంగిలించి, చివర్లో నా కాళ్ళ మీద పడే పాలేరు వీరిగాడి వేషం మీది. విలన్‌కి మీ గొంతే తగినదని కమిటీ అంతా ఒక్కమాట మీద ఉంది.

ఇట్లు,
జనార్దనరావు, కార్యదర్శి

తా.క.: మీసం సంఘమే ఇస్తుంది.

మార్చి 6.

జనార్దనరావు బాబుకు ఆశీస్సులు.

ఫోన్లో తిడితే నాకు బీపీ లేస్తుంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. తువాస్ ఫ్యాక్టరీలకి ముప్పయ్యేళ్ళు కంపెనీ బస్సు నడిపాను, ఒక్కరి చేతా చెడ్డవాణ్ణని అనిపించుకోలేదు. విలన్ వేషం నేను వేయను.

సీతారాములు

తా.క.: మీసం నాకుంది. సంఘం మీసం నువ్వే పెట్టుకో.

మార్చి 9.

అంకుల్ గారికి,

కోపం వద్దు. మా మేనకోడలు భువన క్లెమెంటిలో గది అద్దెకు తీసుకుని పాత ఫ్రెంచి చదువుతోంది. దాన్ని అడిగాను. విలన్ అంటే మొదట్లో చెడ్డవాడే కాదట! మధ్యయుగాల ఫ్రెంచిలో దొరగారి ఎస్టేటులో పనిచేసే పల్లెటూరి మనిషని అర్థమట. ఇంగ్లీషువాళ్ళు అక్కడి నుంచే తెచ్చుకున్నారు. ఎంత మర్యాదైన మాటో చూశారా!

మీ జనార్దనరావు

తా.క.: ఫ్రెంచివాళ్ళు ఇప్పుడు అల్లరిపిల్లల్ని కూడా అలా అంటారట. మీకు అదీ సరిపోతుంది.

మార్చి 11.

బాబూ,

నేను పుట్టింది మలయాలో, పేరాక్ రబ్బరు ఎస్టేటులో. మా తాత చెట్లు గీసి గీసి అక్కడే పోయాడు. అంటే నా పుట్టుక చూసే ఈ వేషం ఇచ్చారన్నమాట! సరే, పనిచేసేవాడి పేరు చెడ్డవాడి పేరు ఎలా అయింది? మా తాతకు రాత రాదు. రాత వచ్చినవాళ్ళంతా దొరల అరుగు మీదే కూర్చుని మాటలకు అర్థాలు రాశారు. నాకు ఒళ్ళు మండుతోంది.

సీతారాములు

తా.క.: భువనకు నా దీవెనలు. నీకు లేవు.

మార్చి 13.

అంకుల్ గారికి,

అర్థమైంది. వేషం చిన్నదని మీ బాధ. రెండు కొరడా దెబ్బలు పెంచాం.

జనార్దనరావు

మార్చి 14.

వేస్తాను. విలన్‌గానే వేస్తాను. కరపత్రంలో నా పేరు పెద్దక్షరాల్లో పడాలి.

సీతారాములు

తా.క.: నాకు మోకాళ్ళ నొప్పులు. కాళ్ళ మీద పడే సంగతి ఆ రోజు చూద్దాం.

ఏప్రిల్ 20.

సీతారాములు గారికి,

నిన్న స్టేజీ మీద నేను పాదం ముందుకు చాపుకుని ఎంతసేపు నిలబడ్డానో మీకు తెలుసా? మీరు పడలేదు. పైగా “పండించింది నేను, తాళం వేసింది నువ్వు, దొంగ ఎవరు దొరా?” అన్నారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. నాకేమో తిరిగి అనడానికి డైలాగు లేదు! వెంటనే సంజాయిషీ ఇవ్వండి.

కార్యదర్శి

తా.క.: అది మీకు రాసిచ్చిందెవరు?

ఏప్రిల్ 22.

బాబూ,

నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. మా తాత దొరల కాళ్ళ మీద చాలాసార్లు పడ్డాడు. మా ఇంటి వంతు ఆయనతోనే తీరిపోయింది. అందుకే పడలేదు.

ఆ మాట ఎవరూ రాయలేదు. రిహార్సల్‌కు పులిహోర తెచ్చినప్పుడు మీ అమ్మ సూర్యకుమారి గారు చెప్పారు. ఆవిడ మామగారు, అంటే మీ తాత, ఒక జమీందారు దగ్గర పాలేరట. గాదె ముందు నిలబడి నిజంగానే ఆ మాట అడిగాడట. తలపాగా కట్టుకుని అద్దం ముందు నువ్వు మురిసిపోతుంటే, చెప్పడానికి ఆవిడకు మనసొప్పలేదట.

సీతారాములు

తా.క.: సంఘం మీసం జాగ్రత్తగా దాచు. వచ్చే ఏడు విలన్లం మనిద్దరం.