గోడవైపు తిరిగి నిలబడ్డప్పుడు

ప్రియమైన తుర్రుపిట్టకి,

పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, ఒక్కచోట కుదురుగా ఉండవని నేను నీకు పెట్టిన పేరిది. పార్టీ ప్రధాన కార్యాలయంలో పెద్దాయన పక్క గదిలో కూర్చుంటున్నా నాకు నువ్వు తుర్రుపిట్టవే. ఫోన్ చేస్తే మాట మధ్యలో ఆయన పిలుస్తాడు, నువ్వు పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

వార్డు ఎన్నికలు దగ్గరపడ్డాయి. సైకిల్ షాపు పైన మన శాఖ గదిలో అందరిదీ ఒకటే పాట, ఈసారి నన్నే నిలబడమని. సైకిల్ షాపాయన అయితే, "మా చొక్కాల గుండీలన్నీ నువ్వు కుట్టినవేనమ్మా. గుండీ కుట్టినంతసేపు మనిషి ఎక్కడికి పారిపోతాడు? అలా పట్టుకునే మమ్మల్ని పార్టీలో చేర్చావు. ఇప్పుడు నువ్వు పారిపోతానంటే ఊరుకుంటామా?" అన్నాడు. నిజమే, సూదీ దారం పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం తప్ప నాకు వేరే రాజకీయం రాదు.

నాకూ ఆశ ఉంది. నీ దగ్గర దాపరికమెందుకు? వాన పడితే వెనక వీధి మురికికాలవ ఇళ్లలోకి వస్తోంది. ఆ నీళ్లలో నడిచి నడిచి అత్తయ్య కాలి పుండు మానడం లేదు. ఎవరి కాళ్లు పట్టుకున్నా కాలవకి మూత పడలేదు. కౌన్సిల్లో కూర్చుంటే అడుక్కోనక్కర్లేదు, అడగొచ్చు.

ఎంపిక మన పాత పద్ధతిలోనే. పోటీలో ఉన్నవాళ్లు గోడవైపు తిరిగి నిలబడతారు, మిగతావాళ్లు తమకు కావలసిన మనిషి వెనక చేరతారు, అందరూ కుదురుకున్నాక వీళ్లు వెనక్కి తిరుగుతారు. మొహం చూస్తే మొహమాటమని కదా ఇలా పెట్టుకున్నాం! కానీ మన ఎంపికను పైవాళ్లు కాదంటేనో? పెద్దాయన దగ్గర ఒక మాట తీసుకో.

నా నడుము నొప్పి అలాగే ఉంది. మీ అన్నయ్య కండక్టరు డ్యూటీ దిగి వచ్చి కాపడం పెడుతున్నాడు. ఆయన నోట్లోంచి మాట రావాలంటే మాత్రం ఇప్పటికీ టికెట్టు కొనాల్సిందే.

నీ వదిన

---

నా బంగారు వదినకి,

నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. పెద్దాయన్ని అడిగాను. "శాఖ ఎవరి వెనక నిలబడితే వాళ్లకే టికెట్టు. నేను వేలు పెట్టను" అన్నారు. ఇంకేం కావాలి?

ఒక్క సంగతి. కలప డిపో యజమాని ఈ మధ్య ఇక్కడికి తెగ వస్తున్నాడు. మీ శాఖలోనే చేరతాడట. చేరనీ, నీ ముందు ఆయనెంత? నేను సెలవు పెట్టి ముందే వస్తాను. నీ తరఫున ఇల్లిల్లూ నేనే తిరుగుతాను. నువ్వు నడుముకి విశ్రాంతి ఇవ్వు. అమ్మకి మందు రాయడం మరిచిపోకు, అడక్కపోతే తనంతట తాను చెప్పదు.

నీ ముద్దుల ఆడపడుచు

---

ప్రియమైన తుర్రుపిట్టకి,

డిపో ఆయన చేరాడు. చేరుతూనే శాఖ గదికి మెత్తటి కుర్చీలు పంపించాడు. మనవాళ్లు వాటిలో కూర్చుని, కాళ్లు చాపుకుని, ఆయన్నే ఎగతాళి చేశారు. "కుర్చీ ఆయనదే, వీపు మాత్రం నాదేగా!" అంటాడు సైకిల్ షాపాయన. నాకు ధైర్యం వచ్చింది.

నువ్వు వస్తావని అత్తయ్య వాకిట్లోనే కూర్చుంటోంది. ఆవిడకి నా టికెట్టు గోల పట్టదు, కూతురు వస్తే చాలు. నాకు రెండూ కావాలి. త్వరగా రా.

నీ వదిన

---

ప్రియమైన వదినా,

రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. కోపం నా మీదా? నేనేం చేశాను చెప్పు? ఎంపిక రోజు నువ్వు వెనక్కి తిరిగి చూసినప్పుడు నీ మొహం చూడలేక బయటికి వచ్చేశాను. వీడ్కోలు కూడా చెప్పకుండా బస్సెక్కాను.

జనం అంతే వదినా. ఎటు గాలి వీస్తే అటు వాలతారు. పళ్లికిలించి గుండీలు కుట్టించుకున్నారు, కుర్చీలు కనిపించేసరికి నిన్ను మరిచిపోయారు. నువ్వు మనసు కష్టపెట్టుకోకు. పెద్దాయనకి నీ మీద చాలా గౌరవం. మహిళా విభాగంలో నీకు చోటిస్తామన్నారు. డిపో ఆయన తరఫున నువ్వు నాలుగు వీధులు తిరిగితే చాలు. నువ్వు తిరగకపోతే ఆయన గెలవడం కష్టమని అందరికీ తెలుసు.

నన్ను నగర కమిటీలోకి తీసుకున్నారు. ఈ సమయంలో చెప్పాలో వద్దో తెలియలేదు. అమ్మకి చెప్పు, సంతోషిస్తుంది.

నీ ఆడపడుచు

---

నగర కమిటీ సభ్యురాలికి,

మీ అమ్మకి చెప్పాను. సంతోషించింది. పక్కింటివాళ్లను పిలిచి మరీ చెప్పుకుంది.

ఆ రోజు గోడవైపు నిలబడి అడుగుల చప్పుడు వింటుంటే, అన్నీ నా వెనక్కే వస్తున్నాయనుకున్నాను. తిరిగి చూస్తే ఒక్కరూ లేరు. అందరూ డిపో ఆయన వెనక ఉన్నారు, మీ అన్నయ్యతో సహా. పైగా నన్ను చూసి నవ్వుతున్నారు. సైకిల్ షాపాయన దగ్గరికొచ్చి, "ఇంక హాయిగా ఉండమ్మా" అన్నాడు. చెప్పుతో కొట్టినట్టయింది. ఇంటికొచ్చి కుట్టుమిషను మీద గుడ్డ కప్పేశాను. ఎవరు తలుపు కొట్టినా తీయలేదు. ఒక్కొక్కరి పేరూ తలచుకుని తిట్టుకున్నాను. కట్టుకున్నవాడికి అన్నం పెట్టాను గానీ మాట పెట్టలేదు.

చివరికి ఆయనే ఉండబట్టలేక నోరు విప్పాడు.

"నీకోసమే కదే అటు నిలబడ్డాం. మళ్లీ ఈ అలకేంటి?"

"నాకోసమా?"

"నడుము పట్టేసింది, డాక్టరు తిరగొద్దన్నాడు, వాళ్ల మాట కాదనలేక నిలబడుతున్నాను, వెనక ఎవరూ లేకపోతేనే ఊపిరి పీల్చుకుంటాను అని చెల్లాయితో అన్నావట కదా! అడిగితే ఏడుస్తుంది, అడక్కండి అని చెల్లాయి మరీ మరీ చెప్పింది."

ఆయనకి నేను ఏడిస్తే చూడలేని జబ్బుందని నీకు తెలుసు. ఇల్లిల్లూ తిరుగుతానన్నావు, తిరిగావు. ప్రతి గుమ్మంలోనూ అదే మాట చెప్పావు. అంతమందిలో ఒక్కరైనా వచ్చి నన్ను అడిగి ఉంటే నీ ఎత్తు పారేది కాదు. నన్ను బాధపెట్టడం ఇష్టంలేక ఎవరూ అడగలేదు.

జనం గాలివాటమని రాశావు. కాదు. కుర్చీలకి ఒక్కడు కూడా లొంగలేదు. నామీద వాళ్లకున్న ప్రేమనే వాడుకుని నువ్వు నా గొంతు కోశావు. నేనేమో ఆ ప్రేమ చూపించినవాళ్లని శాపనార్థాలు పెడుతూ కూర్చున్నాను. అది తలుచుకుంటే నాకు సిగ్గేస్తోంది. నీకు వేస్తుందో లేదో నాకు తెలియదు.

సంగతి తెలిసి సైకిల్ షాపాయన తల బాదుకున్నాడు. అందరినీ వెంటేసుకుని పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. "మీ శాఖే కదా ఎంచుకుంది? నేను వేలు పెట్టనని ముందే చెప్పాను" అన్నాడట ఆయన. ఆయన మాట మీద నిలబడ్డాడు, పాపం.

డిపో ఆయన కోసం నేను తిరగను. మీ మహిళా విభాగంలో చోటు మీరే ఉంచుకోండి. కాలవ మాత్రం నాకు ఉంది. ఎవరు గెలిచినా సరే, మూత పడేదాకా కౌన్సిల్ ఆఫీసు ముందు కూర్చుందామని చెప్పడానికి నిన్న మళ్లీ వెనక వీధికి బయలుదేరాను. నడుము సహకరించక మీ అన్నయ్య చెయ్యి పట్టుకుని నడిచాను.

మొదటి ఇంట్లో చాకిరేవు ముసలమ్మ. కిటికీలోంచే నా మాటంతా విన్నది. ఎప్పుడు వెళ్లినా నేను నోరు తెరిచేలోగా చొక్కాలు తెచ్చి ఒళ్లో పడేసే మనిషి. "ఇది నీ మాటేనా తల్లీ, ఎవరి మాటో కాదనలేక అంటున్నావా?" అంది. నా మాటే అన్నాను. ఆవిడ నావైపు చూడలేదు, మీ అన్నయ్యవైపు చూసింది. ఆయన తలూపాక గానీ గడియ తీయలేదు.

తర్వాతి ఇంట్లోనూ అంతే. ఆ తర్వాతి ఇంట్లోనూ అంతే.

ఇట్లు,
మీ అన్నయ్య భార్య