టై లేని మనిషి

పోలీసు అధికారి గారికి,

కార్నివాల్ గురువారం నాడు మా రైన్ నది ఒడ్డున ఆడవాళ్లు కత్తెరలు పట్టుకుని వీధిలోకి వస్తారు. కనబడ్డ మగవాడి టై కత్తిరించి, బదులుగా బుగ్గ మీద ముద్దు పెడతారు. ఇది మీకు తెలియదనుకోను.

మొన్న ఆ గురువారం చర్చి ముందు మీ మనిషి ముసుగు, ఇనుప టోపీ, పెద్ద తుపాకీతో నిలబడ్డాడు. మా వదిన వాల్‌బుర్గా అతన్ని వేషగాడనుకుంది. ఆ రోజు ఊరంతా వేషాలే కదా!

"భలే కుదిరిందయ్యా! టై ఏదీ? పోనీ, ఈ పట్టీ అయినా ఇవ్వు" అంటూ అతని ఛాతీ మీది పట్టీకి కత్తెర ఆనించింది.

అతను వెనక్కి గెంతి తుపాకీ ఎత్తాడు. "కత్తెర కింద పడెయ్! చేతులు పైకి!"

బ్యాండు ఆగిపోయింది. వదిన మాత్రం నవ్వుతూనే ఉంది. "అబ్బో, గొంతు కూడా అచ్చం పోలీసు గొంతే!" అంటూ ఇంకో అడుగు ముందుకు వేసింది. నేనే ఆమెను వెనక్కి లాగాను.

భద్రత వద్దనను, రోజులు బాగాలేవని మాకూ తెలుసు. కానీ నేను దగ్గరినుంచి చూశాను. అతని వేలు ట్రిగ్గర్ మీదే ఉంది, వణుకుతోంది.

మీవాళ్లు పట్టుకెళ్లిన కత్తెర తిరిగివ్వకపోయినా ఫరవాలేదు. ఆ వేలి సంగతికి మాత్రం జవాబు రాయండి.

ఇట్లు,
వాల్‌బుర్గా ఆడపడుచు