మూడుసార్లు చదవని కాగితం

గుడివాడ,
ఆగస్టు 11

అమ్మా సాయిదుర్గా,

ఫోన్లో చెప్పాల్సిన మాట ఉత్తరంలో రాస్తున్నానంటే నాకు ధైర్యం చాల్లేదని అర్థం. జీవితమంతా మైకుల ముందు అరిచినవాణ్ణి, నీ ముందు నోరు పెగల్లేదు.

మొన్న ఆదివారం నువ్వు ఫోన్ చేసి, "మాష్టారూ, బందరు సదస్సులో నా పేపరు తీసేశారండీ. గడువులోపు ఒక్క సదస్సులోనైనా చదవకపోతే థీసిస్ తీసుకోరట. ఇదే ఆఖరిదండీ" అన్నావు. నేనేమన్నాను? "ఎవడమ్మా ఆ పనికిమాలినవాడు? నీ పేపరు గురించి ఏం రాశాడో చదువు, చీల్చి పారేద్దాం" అన్నాను. నువ్వు చదివావు. రెండో వాక్యానికే ఆ పనికిమాలినవాడెవడో నాకు తెలిసిపోయింది. "సిగ్నల్ సరిగా లేదమ్మా" అని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

అది రాసింది నేను.

రాయడం ఎలా నేర్పాలో మాట్లాడుకునే సదస్సు అది. వచ్చిన ప్రతిపాదనలు చదివి మంచిచెడ్డలు చెప్పడానికి మనుషులు కావాలని మెయిల్ వస్తే, జీతం లేదు, భత్యం లేదు, నేనే ముందు చెయ్యెత్తాను. ఎందుకో తెలుసా? మనం దూరంగా నిలబడితే ఆ కుర్చీల్లో ఎప్పటివాళ్లే కూర్చుంటారు, మన పిల్లల్ని గేటు దగ్గరే ఆపేస్తారు అని. ముప్పయ్యేళ్లుగా నా ఉపన్యాసం ఇదే. తీరా గేటు దగ్గర కూర్చుని నేను ఆపింది ఎవర్ని!

పేర్లు తీసేసి పంపుతారు. నువ్వు దేనిమీద రాస్తున్నావో నేనెప్పుడూ అడగలేదు. ఊరి పేరు కూడా లేదు, 'కోస్తాలో ఒక మత్స్యకార గ్రామం' అని ఉంది. అక్కడి ఆడవాళ్లు అర్జీ రాయించుకునే పద్ధతి మీద పేపరు. ఎండుచేపలు ఏరుకుంటూ తలా ఒక మాట చెప్తారు, ఒకరు రాస్తారు. రాసింది పైకి మూడుసార్లు చదవాలి. 'ఇది నా మాట కాదు' అని ఎవరన్నా సరే ఆ వాక్యం కొట్టెయ్యాలి. మిగిలినదానికే వేలిముద్ర. ఎంత గొప్ప సంగతి! కానీ చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. పేపరంతా 'గమనించడమైనది', 'సేకరించడమైనది'. ఎక్కడా 'నేను' లేదు, 'మా అమ్మ' లేదు. ఎవడో ఏసీ కారులో వచ్చి రెండ్రోజులుండి మీ మాటలు మూటగట్టుకుపోయాడనుకున్నాను. నాలుగు వాక్యాలు రాసి పారేశాను.

'నేను' అని రాయకూడదు, అది పరిశోధన అనిపించుకోదు, మార్కులు కోస్తారు అని ఎమ్మేలో నీ కాగితాల మీద ఎర్రసిరాతో కొట్టేసింది ఎవరు? నేనే కదమ్మా.

నిన్న బందరు వెళ్లాను. సదస్సు నడిపే గిరిధర్ గారిని పట్టుకుని, తప్పు నాదే, నా అభిప్రాయం వెనక్కి తీసుకుంటానన్నాను. "పేరు తెలిశాక మార్చడానికి లేదండీ ప్రసాద్ గారూ. ఆ నిబంధన పెట్టించింది మీరే కదా" అని టీ తెప్పించాడు. నిజమే. సిఫార్సులు ఆగాలని పోయినేడు నేనే పోట్లాడి పెట్టించాను. ఆ టీ తాగలేక తాగాను. పెడన దాటేదాకా బస్సులో ఎవరిని తిట్టాలా అని వెతికాను. ఎవరూ దొరకలేదు.

క్షమించమని అడగను. ఏం చెయ్యాలో మాత్రం తోచడం లేదు.

నీ మాష్టారు,
ఈశ్వరప్రసాద్


హంసలదీవి,
ఆగస్టు 19

మాష్టారికి నమస్కారాలు.

సిగ్నల్ లేదన్నప్పుడే అనుమానం వచ్చిందండీ. సిగ్నల్ లేకపోతే మీరు ఇంకా గట్టిగా అరుస్తారు కదా.

గడువు నిన్నటితో అయిపోయింది. అవనిగడ్డలో ఒక జూనియర్ కాలేజీలో చేరుతున్నాను. మళ్లీ ఆ చదువు ముఖం చూస్తానో లేదో తెలీదు. ఏడవలేదని అబద్ధం చెప్పను.

మీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "ఆయన రాసిన ఆ నాలుగు ముక్కలూ తే, అందరిలో చదువు" అంది. చేపల దగ్గర కూర్చోబెట్టి మూడుసార్లు చదివించారు.

మొదటిది, 'ఈ పరిశోధకుడు చేపల వాసనకి ముక్కు మూసుకున్నాడు.' మా నాగలక్ష్మి పిన్ని పడీపడీ నవ్వింది. "ఇదా ముక్కు మూసుకునేది? పులుసు లేకపోతే కంచం తోసేసేది! కొట్టెయ్యి." రెండోది, 'అక్షరం రాని ఆడవాళ్ల మాటల్ని అమ్ముకుంటున్నాడు.' అమ్మకి కోపం వచ్చింది. "అక్షరం రాదంటాడేంటే? మరి నిన్ను బడికి తోలిందెవరు? కొట్టెయ్యి." చివరిది, 'తిరస్కరించాలి.' అది అందరూ ఒక్కమాటగా కొట్టేయించారు.

మధ్యలో మూడోది ఉంది కదండీ, 'ఈ ఆడవాళ్లని ఎవరైనా అడిగారా?' అని. దాన్ని మూడుసార్లూ విన్నారు. ఎవరూ కొట్టెయ్యమనలేదు. "ఇది మన మాటే. ఆయన మాత్రం అడిగాడా?" అంది అమ్మ. దాని కింద తొమ్మిదిమంది వేలిముద్రలు వేశారు. అమ్మకి సంతకం వచ్చు, అయినా వేలిముద్రే వేసింది.

ఆ కాగితం దీంతో పంపుతున్నాను. చివర్న కొంచెం జాగా వదిలారు, అది మాష్టారికంట. ముందు పైకి మూడుసార్లు చదువుకుని, అప్పుడు వేలిముద్ర వెయ్యమంది అమ్మ.

సాయిదుర్గ