ఓడలో సగం గది

తమ్ముడూ,

కింద టాక్సీవాడు హారన్ మోగించి చంపుతున్నాడు. పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. ఎదురింటి టీచరు గౌను కుట్టేసి కుర్చీ మీద పెట్టాను, వస్తే ఇచ్చెయ్. వంటింటి కిటికీ గడియ వేసి మరీ డ్యూటీకి వెళ్లు. చెప్పి చెప్పి నా నోరు పడిపోతోంది.

ఈ టూరు ఓడలో అన్నీ రెట్టింపు ధరలట, అందుకే బిస్కెట్లు కూడా ఇంటి నుంచే పట్టుకెళ్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకో. గది సంగతికి మాత్రం నిన్న నా మీద అంత ఎగరక్కర్లేదు. ఒక్కదాన్నే ఉంటే ఇద్దరి డబ్బూ కట్టాలన్నారు. అందుకే ముక్కూ మొహం తెలియని ఒకావిడతో గది పంచుకుంటున్నాను. "డబ్బు మిగులుతుందని ఎవరితోనైనా సర్దుకుంటావా అక్కా? ఆవిడ గురక పెడితే?" అన్నావు. పెట్టనీరా. నువ్వు నైట్ డ్యూటీకి మారాక ఈ ఇంట్లో రాత్రిళ్లు ఫ్రిజ్ మోత తప్ప నాకు ఇంకేం వినపడట్లేదు.

అక్క

ఇంకో మాట. మొత్తం గదికి సరిపడా డబ్బు కుట్టుమిషన్ సొరుగులోనే ఉంది, అవసరమైతే తీసుకో. పడుకోబోయే ముందు "లైటు ఆర్పెయ్యనా?" అని అడగడానికి పక్కన ఒక మనిషి ఉంటుందని, అంతే.