గేటు బయట యూనిఫాం

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే నీ కూతురు మీనా వాళ్ల బడిలో సమ్మె కట్టింది. బడివేళల్లో ఆ రోడ్డున ఫ్యాక్టరీ లారీలు తిరగకూడదని పిల్లలంతా గేటు బయట కూర్చున్నారు. పొద్దున్నే అది యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, తన అన్నం డబ్బా తనే కట్టుకుని మరీ బయల్దేరింది. సమ్మె రోజున నువ్వూ అంతేగా, డ్యూటీ బట్టలేసుకుని, డబ్బా పట్టుకుని ప్లాంటు గేటు ముందు కూర్చునేవాడివి.

నాకే కాలు నిలవలేదు. "మీ నాన్నోలు కూకుంటే మిషన్లు ఆగీవి. మీరు కూకుంటే ఏటాగతాది? మీకు ఓటైనా నేదు గదే!" అని అరిచాను.

జడ అల్లుకుంటూ, ఈ ఊరి పిల్లల్లాగే హిందీలోనే జవాబిచ్చింది. "ఆప్ రుకోగీ, అత్తా. ఆప్‌కా తో వోట్ హై."

నేనాగుతానట. నాకు ఓటుందట.

ఉండబట్టలేక మధ్యాహ్నం సాక్చి బజార్లో నా కుట్టు దుకాణం మూసేసి బడి దగ్గరికి వెళ్లాను. అప్పుడే ఎమ్మెల్యే మనిషి వచ్చాడు. ఎండలో కూర్చున్న పిల్లల్ని దాటుకుని పోయి, వెనక నిలబడ్డ పెద్దవాళ్లకి దండం పెట్టాడు, పిల్లల్ని ఇంటికి తీసుకుపొమ్మని. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి మీనా పక్కన కూలబడ్డాను.

లారీలు ఆగుతాయో లేదో ఇప్పటికీ తెలీదు. మీనా మాత్రం డబ్బా మూత తీసింది. అందులో ఇద్దరికి సరిపడా అన్నం ఉంది.