అక్క కుడిచెయ్యి

గురజాల, 21-2-1946, గురువారం

మధ్యాహ్నం అక్కను పూడ్చిపెట్టారు. అంతకుముందు ప్రార్థన ఆమె మెట్టినింటివాళ్ళ ప్రొటెస్టెంటు గుడిలో జరిగింది. మన కతోలికులది కాని గుడిలో ప్రార్థనకు కూర్చోవడం పాపమని పన్నెండేళ్ళుగా పిల్లలకు చెబుతున్న ఉపదేశిని నేను. అందుకని బయట, చెప్పుల దగ్గరే నిలబడ్డాను. ఏడుపు రాలేదు. లోపల పాడుతున్న పాటకు ఎన్ని చరణాలున్నాయో లెక్కపెట్టాను.

నిజమైన శ్రీసభ ఒక్కటే, అది మనదేనని నాకు మొదట నేర్పింది అక్కే. చిన్నప్పుడు నా చేత సిలువ గుర్తు వేయించేది. ఎడమచెయ్యి ఎత్తితే వేళ్ళ మీద కొట్టేది. పెళ్ళయ్యాక, సిలువ గుర్తు వేసుకోని వాళ్ళలో కలిసిపోయింది. ఆ తర్వాత నేను ఆమె గడప తొక్కలేదు.

పూడ్చాక మేనకోడలు మార్తమ్మ నా పక్కకొచ్చి మెల్లగా చెప్పింది.

"మామయ్యా, పోయేముందు అమ్మ మీ మాదిరి సిలువ గుర్తు ఏసుకుంది. మా నాయనకు చెప్పమాక."

నేను సంతోషించాల్సిన మాట అది. నా నోటికి వచ్చింది మాత్రం ఒక్కటే.

"కుడిచేత్తోనేనా?"



"అమ్మకు కుడిచెయ్యి పడిపోయి రెండేళ్ళయింది గదా, మామయ్యా."

నాకు ఇవాళే తెలిసింది.